ఇంట్లోనే సాన: కత్తి నూరే సరంజామా మనమే చేసుకోవడం

కత్తికి పదును పెట్టడం ఎలా అని నాలుగు వీడియోలు చూస్తే నాలుగు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకాయన 1000 గ్రిట్ (రేణువుల సన్నదనం చెప్పే నంబరు) రాయి లేనిదే పని కాదంటాడు. ఇంకొకరు కాఫీ కప్పు బోర్లించి, దాని అడుగున నాలుగుసార్లు రాస్తే చాలంటారు. మరొకరు కడ్డీలు, స్క్రూలు, క్లాంపులు ఉన్న పరికరం చూపించి, ఇది లేకపోతే కోణం కుదరదంటారు. చివర్లో అందరూ టమాటా కోసి చూపిస్తారు. అందరి టమాటా తెగుతుంది కూడా. చూసినవాళ్ళకు మాత్రం ఏది కొనాలో, ఏది చేసుకోవచ్చో తేలదు.

ఈ అయోమయానికి కారణం ఉంది. మూడు వేరువేరు పనుల్ని ఒకే వస్తువులో కలిపి మనకు అమ్ముతున్నారు. కత్తి నూరే సాధనం ఏదైనా సరే, అందులో ఉక్కును అరగదీసే గట్టి రేణువులు ఉండాలి. ఆ రేణువుల్ని చదునుగా పట్టి ఉంచే ఆధారం ఉండాలి. కత్తి ప్రతిసారీ ఒకే కోణంలో దానికి తగిలేలా ఏదో ఒక ఏర్పాటు ఉండాలి, అది అలవాటుపడ్డ చెయ్యి అయినా సరే, చెక్కముక్క అయినా సరే. రేణువులు హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతాయి. చదునైన ఆధారం అడిగితే ఊరికే ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఖరీదైన పరికరాలకు మనం కట్టే డబ్బులో ఎక్కువ భాగం కోణం కోసమే. ఇంట్లో చేసుకునేవాళ్ళు కూడా బుర్ర, శ్రమ పెట్టాల్సింది అక్కడే అని నా నమ్మకం.

పదును అంటే ఏమిటో ముందు చూద్దాం

కత్తికి రెండు వైపులా ఉన్న వాలు తలాలు కలిసే గీతే అంచు. ఆ గీత ఎంత సన్నగా ఉంటే అంత పదును. బాగా నూరిన కత్తి అంచు మందం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, లోపే ఉంటుంది. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. మీ వంటింటి చాకును అంచు పైకి వచ్చేలా ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూడండి. మొద్దుబారిన చోటల్లా సన్నటి తెల్లగీత మెరుస్తుంది. పదును ఉన్న చోట ఏమీ మెరవదు, ఎందుకంటే వెలుతురును తిప్పికొట్టేంత వెడల్పు అక్కడ ఉండదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పైగా కత్తిలో ఎక్కడ పని ఉందో కూడా ఇదే చెబుతుంది. చాలా ఇళ్ళలో చాకు మధ్యభాగం మెరుస్తుంది, పిడి దగ్గర మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది.

ఒక వైపు అరగదీస్తూ పోతే ఒక దశలో అరుగుదల సరిగ్గా అంచు దాకా చేరుతుంది. ఆ క్షణంలో ఉక్కు అవతలి వైపుకు సన్నటి రెక్కలా వంగి లేస్తుంది. వర్క్‌షాపుల్లో దీన్ని బర్ అంటారు. కంటికి కనపడకపోయినా వేలికి తెలుస్తుంది. బొటనవేలిని వెన్ను, అంటే అంచుకు ఎదుటి మందమైన వైపు నుంచి అంచు వైపుకు తెచ్చి, అలాగే అంచు దాటించి బయటికి తీయండి. గరుకుగా తగిలితే బర్ వచ్చినట్టే. అంచు పొడవునా మాత్రం వేలు నడపకూడదు. పిడి దగ్గర నుంచి మొన దాకా బర్ తగిలిందంటే ఆ వైపు పని అయిపోయింది, రెండో వైపుకు తిప్పాలి. ఇది తెలియక, ఒక్కో వైపు ఇరవై సార్లు, ముప్పై సార్లు అని లెక్కపెట్టుకుంటూ నూరేవాళ్ళే ఎక్కువ. బర్ రాకముందే ఆపేస్తే, ఎంత ఖరీదైన రాయి మీద నూరినా అంచు ఏర్పడదు.

రెండు వైపులా అయ్యాక ఆ బర్‌ను తీసేయాలి. తీయకుండా వదిలేస్తే మొదటి రెండు ఉల్లిపాయలు అద్భుతంగా తెగుతాయి, ఆ తర్వాత ఆ రెక్క ఒక పక్కకు ఒరిగిపోయి కత్తి మళ్ళీ మొద్దు. నిన్ననే నూరించాను, ఇవాళే పోయింది అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

రేణువులు ఎక్కడివి

ఉక్కును అరగదీయాలంటే దానికన్నా గట్టిది కావాలి. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద మామూలు చాకు ఉక్కు ఆరు, ఆరున్నర ప్రాంతంలో ఉంటుంది. పలుగురాయి 7, కెంపు, నీలం రాళ్ళ జాతి ఖనిజమైన కురుందం 9, సిలికాన్ కార్బైడ్ తొమ్మిదికి పైన, వజ్రం 10. పలుగురాయికీ ఉక్కుకూ తేడా కొంచెమే అయినా పనికొచ్చేంత ఉంది. దక్షిణాదిలో తాటిచెట్లు గీసేవాళ్ళు చెక్కమీద పలుగురాయి పొడి చల్లి కత్తి నూరే పద్ధతి అందుకే పనిచేసింది. చెక్క, దాని మీద పొడి, అలవాటైన చెయ్యి. మూడు పనులూ అందులోనే ఉన్నాయి.

కురుందం కథ మనకు ఇంకా దగ్గరిది. ఖమ్మం ప్రాంతంలో అది దొరుకుతుంది. కురుందం పొడిని కరిగించిన లక్కలో కలిపి చక్రాలుగా చేసి, వాటి మీద కత్తులకు, రత్నాలకు సాన పట్టడం మన దేశంలో శతాబ్దాల నాటి పని. లక్కలో ఒక గొప్ప సుగుణం ఉంది. అది రేణువుల్ని గట్టిగానే పట్టుకుంటుంది కానీ మరీ గట్టిగా కాదు. మొద్దుబారిన రేణువు రాలిపోతే కింద ఉన్న కొత్త రేణువు పైకి తేలుతుంది, పెన్సిల్ చెక్కేకొద్దీ కొత్త మొన వచ్చినట్టు. సానరాయి మంచిదా కాదా అన్నది రేణువుతో పాటు ఈ పట్టు మీద కూడా ఆధారపడుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, దీని అవసరం ముందుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ గుడ్రిచ్ ఆచెసన్ 1891లో కృత్రిమ వజ్రం చేయాలని కొలిమిలో ప్రయోగాలు చేస్తుంటే సిలికాన్ కార్బైడ్ చేతికొచ్చింది. దానికి ఆయన పెట్టిన పేరు కార్బొరండం. మన మెకానిక్ షెడ్లలో ఇప్పటికీ సానరాయిని కార్బొరండం రాయి అనడం అక్కడి నుంచే వచ్చింది. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అని అడిగితే ఇచ్చే నల్లటి కాగితం మీద ఉండేది కూడా ఇదే రేణువు. కార్లకు, బీరువాలకు పెయింట్ వేసే ముందు తడిపి రుద్దుతారే, ఆ కాగితమే. ఇంట్లో సాన చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ముడిసరుకు నాకు తెలియదు. తడిపినా పాడవదు, రేణువుల సైజు నమ్మదగినట్టు ఉంటుంది, మూడు నాలుగు షీట్ల ఖర్చు ఒక పూట టిఫిన్ ఖర్చును మించదు.

కాగితం వెనక పి అక్షరంతో ఉండే నంబరు ఎంత పెద్దదైతే రేణువు అంత సన్నం. పి400లో రేణువు దాదాపు 35 మైక్రాన్లు, పి1000లో 18, పి2000లో 10. జపాన్ రాళ్ళ మీద ఉండే 1000, ఈ పి1000 ఒకటి కావు. జపాన్ లెక్కలో 1000 అంటే రేణువు ఇంకా సన్నగా ఉంటుంది. అందుకే రాయి గురించి చదివిన సలహాను కాగితానికి నంబరుతో సహా మార్చుకోకూడదు.

వంటింటి చాకుకు పి400, పి1000 చాలు. అంచు బాగా దెబ్బతిని గంట్లు పడి ఉంటే ముందు పి220 లేదా పి240 కావాలి. పి2000 దాకా వెళ్ళొచ్చు కానీ తప్పనిసరి కాదు. నన్నడిగితే టమాటా, వంకాయ, మిరపకాయ ఎక్కువగా కోసే ఇంట్లో అంచు మరీ నున్నగా ఉండకపోవడమే మేలు. పి1000 వదిలిన సూక్ష్మమైన గరుకు టమాటా తోలును పట్టుకుని కోస్తుంది. అద్దంలా మెరిసే అంచు ఆ తోలు మీద జారుతుంది.

చదును

ఆధారం గుంటగా ఉంటే కోణం ప్రతి అంగుళానికీ మారుతుంది. ఇళ్ళలో ఏళ్ళ తరబడి వాడిన సానరాయి మధ్యలో పడవలా లోతుగా ఉండటం చూసే ఉంటారు. దాని మీద ఎంత ఓపిగ్గా నూరినా అంచు గుండ్రమవుతుంది.

చదునైన తలం కోసం అద్దాల షాపుకు వెళ్ళండి. 8 లేదా 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు ముక్కలు మూల పడి ఉంటాయి. ఒక చేతి వెడల్పు, జానెడున్నర పొడవు ఉన్న ముక్క అడిగి, అంచులు అక్కడే గ్రైండ్ చేయించుకోండి, లేకపోతే ముందు తెగేది మీ చెయ్యే. గాజు కన్నా మన ఊళ్ళలో సులువుగా దొరికేది పాలిష్ గ్రానైట్ ముక్క. వంటింటి గట్టు వేసే చోట సింకు కోసం కోసిన ముక్కలు మిగులుతాయి. ఒంగోలు దగ్గరి చీమకుర్తి నల్ల గ్రానైట్ అయినా, కరీంనగర్ గోధుమరంగు గ్రానైట్ అయినా మన పనికి ఒకటే. అది బరువుగా ఉంటుంది కాబట్టి బల్ల మీద కదలదు. కింద తడిగుడ్డ పరిస్తే చాలు.

వాటర్ పేపర్‌ను నీళ్ళలో కాసేపు నాననిచ్చి, గ్రానైట్ మీద నీళ్ళు చల్లి పరిచి అరచేత్తో గాలి బయటికి తోసేస్తే అది అతుక్కునే ఉంటుంది. జిగురు అక్కర్లేదు. రెండు వైపులా అంటుకునే మెత్తటి ఫోమ్ టేపు మాత్రం వాడొద్దు. కింద మెత్తగా ఉంటే కాగితం కత్తి ముందు ఉబ్బి అంచును గుండ్రం చేస్తుంది. ఇదే కారణంతో, ఇలా జిగురు లేకుండా పరిచిన కాగితం మీద కత్తిని అంచు ముందుకు తోయకూడదు, వెన్ను ముందుండేలా లాగాలి. అంచు ముందుకు వెళ్తే కాగితం చిరుగుతుంది, అది కూడా సరిగ్గా పని బాగా సాగుతున్న సమయంలో.

పాత సానరాయి గుంట పడి ఉంటే పారేయకండి. ఆటో స్పేర్స్ షాపులో వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, అందులో ఉండేది సిలికాన్ కార్బైడ్ పొడే. రాయి మీద పెన్సిల్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీయండి. పనికిరాని గ్రానైట్ ముక్క మీద ఆ పేస్ట్ వేసి రాయిని బోర్లించి రుద్దండి. మధ్యలో ఉన్న గీతలు కూడా చెరిగిపోయాయంటే రాయి చదునైనట్టు. పేస్ట్ లేకపోతే పి120 కాగితం మీద రుద్దినా పని జరుగుతుంది, కాకపోతే రెండు మూడు షీట్లు అరుగుతాయి.

రెండు రాళ్ళను ఒకదానితో ఒకటి రుద్దితే రెండూ చదునవుతాయని చాలామంది అనుకుంటారు. అవ్వాలని లేదు. ఒకటి గుంటగా, రెండోది దానికి సరిపడేలా ఉబ్బుగా తయారై చక్కగా అతికిపోవచ్చు. మూడు రాళ్ళుంటే మొదటిదానితో రెండోది, రెండోదానితో మూడోది, మూడోదానితో మొదటిది వంతులవారీగా రుద్దాలి. మూడూ ఒకదానికొకటి అతకాలంటే చదునుగా ఉండటం తప్ప వేరే దారి ఉండదు. ఇంగ్లండ్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో లోహపు పలకల గురించి వివరించిన పద్ధతికి మూలం ఇదే ఆలోచన.

అసలు చిక్కు: కోణం

మన ఇళ్ళలో ఉండే మామూలు స్టీలు చాకుకు ఒక్కో వైపు 20 డిగ్రీలు సరిపోతుంది. గట్టి ఉక్కుతో చేసిన జపాన్ తరహా కత్తికి 15. మాంసం, ఎముకలు కొట్టే కత్తికి 25 లేదా అంతకన్నా ఎక్కువ. కోణం తగ్గేకొద్దీ కత్తి సులువుగా దిగుతుంది కానీ అంచు బలహీనమవుతుంది. మెత్తటి స్టీలుకు 15 డిగ్రీలు పెడితే కొబ్బరి చిప్ప తగిలిన మొదటిరోజే అంచు మడత పడుతుంది.

20 డిగ్రీలంటే ఎంతో కళ్ళతో అంచనా వేయడం కష్టం. లెక్క మాత్రం చాలా సులువు. కత్తి వెడల్పులో మూడో వంతు ఎత్తుకు వెన్నును లేపితే 20 డిగ్రీలు. నాలుగో వంతు లేపితే 15. చాకు వెడల్పు 42 మిల్లీమీటర్లయితే వెన్ను మధ్యభాగం రాయి నుంచి 14 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. సైన్ 20 విలువ 0.342, సైన్ 15 విలువ 0.259. స్కూల్లో చదివిన త్రికోణమితి వంటింట్లో ఇంత నేరుగా పనికొచ్చే సందర్భం ఇంకోటి లేదేమో. కోణమానిని దొరక్కపోతే కాగితం మడిచినా చాలు. చతురస్రపు కాగితం మూలను మూడు సమాన భాగాలుగా మడిస్తే 30 డిగ్రీలు, దాన్ని మళ్ళీ సగం చేస్తే 15.

దీంతో చేసుకోగలిగిన మొదటి సాధనం ఒక చెక్క ఆప్పు, అంటే వాలుగా కోసిన చిన్న ముక్క. అడుగు వైపు మూడు అంగుళాలు ఉండి, పై తలం 20 డిగ్రీల వాలుతో ఉండాలి. దాన్ని రాయి చివర పెట్టి, కత్తిని దాని వాలు మీద ఆనించి ఆ కోణాన్ని చేతికి తెలియనివ్వాలి. తర్వాత మణికట్టు బిగించి అదే కోణంలో కత్తిని రాయి మీదికి జరపాలి. నాలుగైదు లాగులకు ఒకసారి మళ్ళీ ఆప్పు మీదికి వచ్చి సరిచూసుకోవాలి. కొన్నాళ్ళకు ఆప్పు అవసరం తగ్గుతుంది.

చెయ్యి ఇంకా కుదరని వాళ్ళకు ఇంకో ఉపాయం ఉంది. కత్తిని వాల్చి పట్టుకోవడం కష్టం, నిటారుగా పట్టుకోవడం తేలిక, ఎందుకంటే నిటారు ఏదో మన కన్ను చక్కగా పోలుస్తుంది. అందుకని కత్తిని నిలువుగా ఉంచి, నూరే తలాన్నే వాల్చేద్దాం. మందమైన టేకు లేదా మామిడి దిమ్మె తీసుకుని, నిలువు నుంచి 20 డిగ్రీలు బయటికి వాలేలా రెండు రంధ్రాలు వేయించాలి. వడ్రంగికి డిగ్రీల్లో చెప్పే బదులు, వంద మిల్లీమీటర్లు పైకి వెళ్ళేసరికి 36 మిల్లీమీటర్లు పక్కకు జరగాలి అని అట్టముక్క మీద గీసి ఇస్తే పొరపాటు జరగదు. 15 డిగ్రీలకైతే 27. ఆ రంధ్రాల్లో పది పన్నెండు మిల్లీమీటర్ల లావున్న ఇనుప కడ్డీలు గానీ గుండ్రటి చెక్క కడ్డీలు గానీ దించి, వాటికి పి1000 కాగితం చుట్టి అంటించాలి. అతుకు లోపలి వైపు రాకూడదు. కత్తిని నిలువుగా పట్టుకుని, కూరగాయ కోసినట్టు కిందికి లాగుతూ వెనక్కి తేవాలి, ఒకసారి ఎడమ కడ్డీ మీద, ఒకసారి కుడి కడ్డీ మీద.

ఈ దిమ్మెతో ఒక జాగ్రత్త. కడ్డీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి కత్తి దానికి ఒక్క బిందువు దగ్గరే తగులుతుంది, బలమంతా అక్కడే పడుతుంది. కత్తి సొంత బరువు చాలు, నొక్కొద్దు. పూర్తిగా మొద్దుబారిన కత్తిని దీని మీద దారికి తేవాలంటే సాయంత్రం గడిచిపోతుంది. ముందు గ్రానైట్ మీద పి400తో అంచు తెచ్చి, వారం వారం నిలబెట్టుకోవడానికి దీన్ని వాడుకోవాలి. కాఫీ కప్పు అడుగున మెరుపు పూత లేని తెల్లటి వలయం చేసేది కూడా ఇదే పని. గట్టి పింగాణీ ఉక్కును అరగదీయగలదు. కోణం మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది.

కడ్డీ, కీలు ఉన్న పరికరం

ఇక కోణం తప్పకుండా ఉండేలా అమ్మే పరికరాల సంగతి. కత్తిని ఒక బల్లకు బిగిస్తారు. కాస్త దూరంలో, ఎత్తులో ఒక కీలు ఉంటుంది. ఆ కీలు గుండా వచ్చే పొడవాటి కడ్డీకి రాయి తగిలించి, కత్తి అంచు మీద ముందుకూ వెనక్కూ నడుపుతారు. ఇంట్లో చేసుకోవాలంటే ఎనిమిది మిల్లీమీటర్ల నున్నటి కడ్డీ, అది జారగలిగే బాల్ జాయింట్, ఎత్తు మార్చడానికి నిలువుగా పెట్టిన మరల కడ్డీ, రెండు నట్లు, కత్తిని పట్టడానికి ఒక చిన్న క్లాంపు, ఇవన్నీ బిగించడానికి ఒక ప్లైవుడ్ పలక కావాలి. 3డి ప్రింటర్ అందుబాటులో ఉన్నవాళ్ళు కీలును ప్రింట్ చేసుకుంటున్నారు కూడా.

దీని మీద జరిగే వాదన ఒకటుంది. కీలు ఒకే చోట ఉంది కదా, కడ్డీ పక్కకు వాలి కత్తి చివరలకు వెళ్ళినప్పుడు దూరం పెరుగుతుంది, కోణం తగ్గదా అని. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ అంచు తిన్నగా ఉన్నంత మేరా కోణం మారదు. ఒక తిన్నని గీత, దాని బయట ఒక బిందువు ఇస్తే ఆ రెండింటి గుండా పోయే సమతలం ఒక్కటే ఉంటుంది. అంచు ఆ గీత, కీలు ఆ బిందువు. కడ్డీ ఎటు వాలినా ఆ సమతలంలోనే తిరుగుతుంది, రాయి కూడా ఆ సమతలానికే ఆనుతుంది. షరతు ఒక్కటే: కీలు అన్ని వైపులా తిరగాలి. అందుకే బాల్ జాయింట్. మామూలు తలుపు కీలు లాంటిది పెడితే రాయి పక్కకు ఒరగలేదు, అప్పుడు లెక్క తప్పుతుంది.

నిజంగా కోణం మారేది మొన దగ్గరి వంపులో. అక్కడ అంచు దిశ మారుతుంది కాబట్టి కీలుకూ అంచు గీతకూ మధ్య దూరం కూడా మారుతుంది. కత్తిని పిడి వైపుకు మరీ దగ్గరగా బిగిస్తే మొన దగ్గర కోణం రెండు మూడు డిగ్రీలు తగ్గిపోతుంది. క్లాంపును వంపు మొదలయ్యే వైపుకు జరిపితే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది. ఎంత జరపాలో లెక్కలు కట్టక్కర్లేదు, మార్కర్ పెన్ను చెబుతుంది. వాలు తలం మీద మొత్తం నల్లగా పూసి, రెండు లాగులు లాగి చూడండి. రంగు అంచు దగ్గర పోతే కోణం ఎక్కువైంది, భుజం దగ్గర, అంటే వాలు తలం మొదలయ్యే చోట, పోతే తక్కువైంది, తలం మొత్తం పోతే సరిగ్గా ఉంది. చేత్తో నూరేవాళ్ళకు కూడా ఇంతకన్నా నిజాయితీగా చెప్పే గురువు లేడు.

రాయి మందం కూడా కోణాన్ని మారుస్తుంది, ఇది చాలామంది పట్టించుకోరు. కీలు 150 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు రాయి మందం 5 మిల్లీమీటర్లు మారితే కోణం దాదాపు 2 డిగ్రీలు మారుతుంది. దుకాణాల్లో కొన్న రాళ్ళు ఒక్కోటి ఒక్కో మందంలో ఉంటాయి, అరిగేకొద్దీ మారుతూ కూడా ఉంటాయి. ఇక్కడ ఇంట్లో చేసుకున్నదే పైచెయ్యి. ఒకే గాజు పలక నుంచి అంగుళం వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉన్న పట్టీలు నాలుగు కోయించుకుని, ఒక్కోదానికి ఒక్కో నంబరు కాగితం అంటించుకుంటే అన్నిటి మందం ఒకటే. కాగితం అరిగితే మార్చుకోవడమే.

బర్ తీయడానికి తోలు

మంగలి షాపులో పాతకాలం కత్తిని తోలుపట్టా మీద రెండు వైపులా తిప్పుతూ లాగేవారు, దాని పని ఇదే. పాత బెల్టు ఒకటి తీసుకోండి. చాలా బెల్టులు రెక్సిన్‌వి. కోసి చూస్తే లోపల గుడ్డ, పొరలు కనిపిస్తే అది తోలు కాదు. అసలైన తోలు దొరికితే చెక్క పలక మీద ఫెవికాల్ రాసి, బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి. తోలు లేకపోతే పాత జీన్స్ గుడ్డను బిగువుగా లాగి అంటించినా సరిపోతుంది. స్టీలు పాలిష్ చేసే సరుకులు అమ్మే చోట పచ్చటి పాలిష్ సబ్బు ముక్కలు దొరుకుతాయి. అందులో ఉండేది ఎక్కువగా క్రోమియం ఆక్సైడ్. దాన్ని తోలు మీద క్రేయాన్ గీసినట్టు పల్చగా రుద్దాలి.

కత్తిని వెన్ను ముందుండేలా, నూరిన కోణంలోనే, దాదాపు బరువు వేయకుండా లాగాలి. ఒక్కో వైపు ఒక్కోసారి, మార్చి మార్చి. తోలు మెత్తన కాబట్టి గట్టిగా నొక్కితే అది అంచు మీదికి చుట్టుకుని గుండ్రం చేస్తుంది. దూది ముక్కను అంచు మీదుగా మెల్లగా తీసి చూడండి. పోగులు చిక్కుకున్న చోట బర్ ఇంకా ఉంది. ఆ తర్వాత న్యూస్‌పేపర్ షీటు ఒంటి చేత్తో పట్టుకుని పైనుంచి కోయండి. ఎక్కడ ఆగి చిరిగిందో కత్తిలో ఆ చోటికే మళ్ళీ పని.

చేయకూడనివి

సిలికాన్ కార్బైడ్ పొడి కొని, సిమెంటులోనో ఎపాక్సీ జిగురులోనో కలిపి రాయి పోత పోద్దామని చాలామందికి ఆలోచన వస్తుంది. కుతూహలం మంచిదే కానీ ఇందులో ఫలితం తక్కువ. లక్క గురించి చెప్పిన మాట ఇక్కడికే వస్తుంది. ఎపాక్సీ రేణువును మరీ గట్టిగా పట్టేస్తుంది, మొద్దుబారిన రేణువులు రాలవు, నాలుగు రోజుల్లో రాయి గాజులా నున్నబడి కత్తి దాని మీద జారుతుంది. సిమెంటులో పట్టు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఒక చోట పొడి రాలుతుంది, ఒక చోట గీరుతుంది. ఫ్యాక్టరీలో రేణువుల్ని మట్టితో అతికించి చేసే రాళ్ళను వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ఆ పని ఇంట్లో అయ్యేది కాదు.

ఇంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక పాత మిక్సీ మోటార్ గురించి. దానికి సానచక్రం తగిలించి తిప్పే వీడియోలు చూస్తుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. వర్క్‌షాపు బెంచ్ గ్రైండర్ నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతుంది. మిక్సీ మోటార్ భారం లేకుండా దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వేగంతో తిరగగలదు. ప్రతి సానచక్రం మీదా అది తట్టుకునే గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. అది దాటితే చక్రం పగిలి ముక్కలు తూటాల్లా వస్తాయి. దయచేసి ఈ ప్రయోగం చేయొద్దు. చక్రం పగలకపోయినా కత్తికి నష్టమే. అంచు అతి సన్నగా ఉంటుంది కాబట్టి క్షణంలో వేడెక్కుతుంది. 200 డిగ్రీలు దాటేసరికి మామూలు చాకు ఉక్కు మెత్తబడటం మొదలవుతుంది. నీలిరంగు కనిపించిందంటే అప్పటికే 300 దగ్గరికి వెళ్ళింది. ఆ భాగం మొత్తం అరిగిపోయేదాకా అక్కడ పదును నిలవదు. చేత్తో నీళ్ళు చల్లుకుంటూ నూరితే ఈ భయమే లేదు.

కత్తిపీట, కొడవలి

పైన చెప్పినవన్నీ కత్తిని రాయి దగ్గరికి తీసుకెళ్ళే పద్ధతులు. కత్తిపీట రాదు, దాని దగ్గరికి రాయిని తేవాలి. అడుగు పొడవున్న నున్నటి చెక్కపట్టీ తీసుకుని, ఒక వైపు పి400, ఇంకో వైపు పి1000 అంటించండి. పీటను గోడకు ఆనించి, ఎవరైనా దాని మీద కూర్చుంటే ఇంకా మంచిది, పట్టీని కింది నుంచి పైకి, అంచు నుంచి వెన్ను వైపుకు పోయేలా నడపాలి. వేళ్ళు ఎప్పుడూ పట్టీ వెనకే ఉండాలి. చెయ్యి అంచు వైపుకు వచ్చేలా ఎప్పుడూ రుద్దొద్దు. కత్తిపీట అంచు వంపుగా ఉంటుంది కాబట్టి వెడల్పు పట్టీ పనికిరాదు, అంగుళం లోపు చాలు. మార్కర్ ఇక్కడ కూడా పనిచేస్తుంది. పాత ఇనుప కత్తిపీటల ఉక్కు త్వరగా దారికొస్తుంది, ఐదు నిమిషాల్లో బర్ తగులుతుంది.

కొడవలి లోపలి వంపుకు తిన్నని పట్టీ కూడా తగలదు. రోకలి లాంటి గుండ్రటి కర్రకో, గట్టి పైపు ముక్కకో కాగితం చుట్టి, ఆ వంపు వెంట నడపాలి. రంపపు పళ్ళున్న వరికోత కొడవలికి మాత్రం వీటితో పని లేదు, పళ్ళు అరిగిపోతాయి. దానికి ముక్కోణపు ఆకురాయితో ఒక్కో పన్నును విడిగా దిద్దాలి, అది అలవాటున్న కమ్మరి చేతికి ఇవ్వడమే మంచిది. కత్తెర కూడా అంతే. దాని లోపలి చదునైన తలాన్ని పొరపాటున రుద్దినా రెండు రెక్కల మధ్య సందు వచ్చి గుడ్డ నలుగుతుంది తప్ప తెగదు.

నూరిన తర్వాత కత్తి మీద ఉక్కు పొడి, సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిసిన నల్లటి బురద మిగులుతుంది. సబ్బుతో కడిగి, గుడ్డను వెన్ను వైపు నుంచి మాత్రమే తుడుస్తూ ఆరబెట్టాలి. ఇనుప కత్తిపీటకైతే రెండు చుక్కల కొబ్బరినూనె రాయాలి, లేకపోతే తెల్లారేసరికి కొత్త అంచు మీదే ముందు తుప్పు పడుతుంది. వాడిన కాగితాన్ని పారేయక్కర్లేదు. అరిగిన పి400 ఆరాక ఇంకాస్త సన్నటి కాగితంలా పనిచేస్తుంది, తర్వాతిసారికి దాచుకోవచ్చు.